నాలుగు కుండలు, ఐదో గొంతు

ఒట్టు పెట్టుకోవడం నాకు అలవాటు లేదు. ఒట్టు మీద నిలబడే వాదన వాదనే కాదని కళాశాల చర్చావేదిక మీద పదిమందికి చెప్పినవాణ్ణి. అయినా ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ఒక్క ముక్క కల్పితం లేదని, పోయిన మా అమ్మ మీద ఆన పెట్టి చెబుతున్నాను. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వెయ్యండి. మధ్యలో నవ్వితే ఆపేస్తాను.

ఇంకొక మాట. ఇలాంటి సంగతులు చెప్పేవారు సాధారణంగా భయంతో గొంతు తగ్గిస్తారు. నాకూ భయం వేసిన మాట నిజమే. అది ఒక్క రాత్రితో పోయింది. కోపం మాత్రం ఇంకా అలాగే ఉంది. ఎవరి మీద కోపమో చివరకు మీకే తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్ళు నిండని వేసవి అది. బెజవాడలో జంతుశాస్త్రం చదువుతూ, సెలవులకు నందిగామ వచ్చి ఉన్నాను. మృగశిర కార్తె ప్రవేశించినా చినుకు లేదు. ఒక మధ్యాహ్నం మా నాన్నగారికి జగ్గయ్యపేట నుంచి అక్క రాసిన కార్డు అందింది. నాన్నగారు బడిపంతులు, ఉత్తరం చదివితే తప్పులు దిద్దుతూ చదువుతారు. ఆ రోజు దిద్దలేదు. చదివి నా చేతికిచ్చారు.

"పెరట్లో రాత్రిళ్ళు ఏదో అరుస్తోంది. వీళ్ళు ఏమేమో అంటున్నారు. శేషు చదివేది జంతువుల గురించే కదా. వాణ్ణి ఒకసారి పంపించండి."

అంతే. సుభద్ర అని సంతకం.

మా అమ్మ లేకపోవడం వల్ల అక్కకు పురుడు అత్తవారింట్లోనే పోశారు. ఆడపిల్ల. ఎనిమిది రోజులు బతికింది. బారసాల కాకుండానే, పేరు లేకుండానే పోయింది. పాలేటి ఒడ్డున పూడ్చి వచ్చారు. ఇదంతా జరిగి అప్పటికి మూడు వారాలు.

శుక్రవారం సాయంత్రం బస్సు దిగి ఆ ఇంట అడుగుపెట్టాను. అక్క అత్తగారు వసారాలో కూర్చుని విస్తళ్ళు కుడుతున్నారు.

"రావయ్యా శేషూ. నువ్వొచ్చి చేసేదేముంది గాని, వచ్చావుగా, భోంచెయ్యి."

"పెరట్లో అరిచేదేమిటో చూద్దామని వచ్చానండి, అత్తయ్యగారూ."

"చూసేదేముంది? పసిదాని ఏడుపు నాకు తెలవదా? ఐదుగుర్ని కన్నా." పుల్ల విరిచి ఆకులో గుచ్చారు. "దాని మాయ ఆ అరటిచెట్టు మొదట్లో పూడ్చాం. అది అక్కడికే వస్తోంది. ఊరికే రాదు. పిలిచేవాళ్ళుండబట్టి వస్తోంది."

"పిలిచేదెవరండీ?"

ఆవిడ తల ఎత్తి వంటింటి వైపు చూశారు. అక్కడ అక్క ఉంది.

మిగిలింది మా బావ చెప్పాడు. బజారులో విత్తనాల కొట్టు ఆయనది. పత్రికలోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. అక్క రెండుసార్లు రాత్రివేళ పెరట్లోకి వెళ్ళి ఆ అరటిచెట్టు దగ్గర నిలబడటం అత్తగారు చూశారట. ఇట్లా పిలుస్తూ ఉంటే పుట్టబోయేవాళ్ళను కూడా ఆ పిల్ల తీసుకుపోతుందట. ఆదివారం నాడు ఒక భూతవైద్యుడు వస్తాడు. మాయ తవ్వి తీసి కాలుస్తాడు. కాల్చిన పసుపుకొమ్ముతో తల్లి పొట్ట మీద మూడు వాతలు పెడతాడు. దాంతో తల్లికీ పిల్లకీ బంధం తెగిపోతుంది.

"బావా, నువ్వు ఒప్పుకున్నావా?"

"అమ్మ మాట కాదని ఈ ఇంట్లో ఎట్లా ఉంటాం శేషూ? చిన్న వాతేగా. పచ్చకామెర్లకు పెట్టరూ?"

చిన్న వాత. ఆ రెండు మాటలు నాకు ఈ రోజుకీ చెవిలో ఉన్నాయి.

అప్పుడు నేను అత్తగారి ముందు నిలబడి మాట్లాడాను. ఎలా మాట్లాడానో మీరు ఊహించగలరు. పెరట్లో బావి ఉన్నది. స్నానాల జాలారు ఉన్నది. బాలింత స్నానం చేసిన నీళ్ళు నెలపాటు మాయ పూడ్చిన చోటికే పారాలని ఈ ఇంటి ఆచారం. ఊరంతా నేల నెర్రెలు విచ్చిన ఈ వేసవిలో తడి ఉన్న చోటు అదొక్కటే. తడి ఉన్నచోట కప్పలు చేరతాయి. కప్పల్లో కొన్నింటి అరుపు పసిపిల్ల ఏడుపును పోలి ఉంటుందని పుస్తకాల్లో ఉంది. కనుక అక్కడ అరిచేది కప్ప. ఆచారం మీది, తడి మీది, అరుపు కప్పది. మా అక్కకు ఇందులో పాత్ర లేదు.

"బాగా మాట్లాడతావయ్యా," అన్నారు అత్తగారు, విస్తరి పక్కన పెట్టి. "రేడియోలో పెట్టొచ్చు నిన్ను. సరే. కప్పంటున్నావు. అయితే ఆ కప్పను పట్టుకు రా. అది మా అందరి ముందూ అరవాలి. ఆ అరుపే అరవాలి. నా చెవులతో నేను వింటే ఆదివారం ఆయన్ని రావద్దంటా. లేదా, ఇంక నువ్వు అడ్డుపడకూడదు."

"ఒప్పుకుంటున్నానండి," అన్నాను.

సంతోషంగా అన్నాను. గెలిచే పోటీకి పేరు ఇచ్చినవాడిలా అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

వంటింట్లో అక్క నాకు అన్నం పెట్టింది. చిక్కిపోయింది. నెయ్యి వడ్డిస్తూ, ఎంత వెయ్యాలో మరచిపోయినట్టు వేస్తూనే ఉంది.

"చాలక్కా."

"కప్పని ఎట్లా తెలుసురా నీకు? చూడనేలేదుగా."

"చూడక్కరలేదు. అక్కడ తడి ఉంది."

"అంతేనా?"

"అంతే."

"అంతే అయితే మంచిదే." నేతిగిన్నె మూత పెట్టింది. "నేను పిలవడానికి పోలేదురా. అది ఏడ్చినప్పుడు... నా ఒళ్ళు ఊరుకోదు. ఏం చెయ్యను."

పమిట నిండుగా కప్పుకుని అటు తిరిగింది. పమిట మీద రెండు తడి మరకలు. చెమట అనుకున్నాను. పసిపిల్ల ఏడుపు చెవిన పడితే పచ్చిబాలింతకు పాలు వాటంతట అవే వస్తాయని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తరవాత, నాకు పిల్లలు పుట్టాక. జంతుశాస్త్రంలో మొదటి తరగతి వచ్చినవాడికి ఆ రోజు ఆ సంగతి తెలియదు.

ఆ రాత్రి పెరట్లో నాతో కాపలాకు కోటయ్య ఉన్నాడు. వాళ్ళ పాలేరు. నలభై దాటిన మనిషి. పాలేటి అవతలి, తెలంగాణ ఊరువాడు కావడం చేత మాటలో ఆ యాస ఉండేది. కొరమీనుకు గాలం వేసేటప్పుడు బతికిన కప్పను గుచ్చుతారు. ఆ కప్పలు పట్టడంలో అతను ఆరితేరినవాడు. నా దగ్గర టార్చిలైటు, నోటుపుస్తకం ఉన్నాయి. అతని దగ్గర చెవులున్నాయి.

ఈ తేడా ఎంత పెద్దదో నాకు మొదటి గంటలోనే తెలిసింది. ప్రయోగశాలలో కప్పలను ఎన్ని కోశానో లెక్క లేదు. కాలివేళ్ళ మధ్య పొర చూసి, కంటి వెనక చెవిగూబ చూసి, వీపు మీది మడతలు చూసి జాతి చెప్పగలను. కాని మా బల్ల మీదికి వచ్చే కప్ప ఏనాడూ అరవలేదు. కప్ప శరీరమంతా తెలిసిన నాకు కప్ప గొంతు తెలియదు.

కోటయ్య గొంగడి మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"కర్ర్... మంటున్నది చూడుండ్రి, బాయిగోడ కింద. అది గోండ్రుకప్ప."

వెళ్ళి పట్టాను. పొడి చర్మం, ఒంటినిండా కురుపులు, కళ్ళ వెనక రెండు ఉబ్బులు. బ్యూఫో అని రాసుకున్నాను. మొదటి కుండ.

"టక్కు... టక్కు. అరటాకు మడతల ఉంటది. చెట్టుకప్ప."

ఉంది. వేళ్ళ చివర గుండ్రటి బిళ్ళలు, ఆకును కరుచుకుని. రాకోఫోరస్. రెండో కుండ.

"బాయిల ముక్కుతున్నది చిన్నది. నీళ్ళ మీద గెంతుతది."

బొక్కెనతో తోడి తీశాను. వెనక కాలివేళ్ళ చివరిదాకా పొర. రానా సయనోఫ్లిక్టిస్. మూడో కుండ.

"మీ పేర్లు బాగున్నయి బాబూ," అన్నాడు కోటయ్య. "పిలిస్తే పలుకుతయా?"

నవ్వాను. కుండల మీద రాతి పలకలు పెట్టి ఎదురుచూశాం. ఇంట్లో దీపాలు ఆరిపోయాయి. ఆ వీధికి ఇంకా కరెంటు రాలేదు. రోడ్డు మీద హైదరాబాదు వైపు పోయే లారీ ఒకటి... తరవాత అదీ లేదు.

రెండో జాము దాటి ఉంటుంది. అప్పుడు వచ్చింది.

అరటిచెట్టు మొదట్లోంచి... సన్నగా మొదలై, పైకి లేచి, నోరంతా తెరిచి ఏడ్చే ఏడుపు.  దాచను. అది పసిపిల్ల ఏడుపే అనుకున్నాను, ఒక్క క్షణం.

పరుగెత్తాను. టార్చి వేశాను.

నీరుకట్టె. బారెడు పాము. దాని నోట్లో ఒక పెద్ద బోదురుకప్ప, వెనక కాలు తొడదాకా లోపలికి పోయి ఉంది. కప్ప ముందుకాళ్ళతో మట్టి గీరుతూ, నోరు బార్లా తెరిచి... ఏడుస్తోంది. నిజంగా ఏడుస్తోంది. కోటయ్య కర్రతో రెండు దెబ్బలు వేశాడు. పాము చచ్చింది. కప్ప నా చేతిలోకి వచ్చింది. పచ్చటి ఒళ్ళు, వీపు మధ్యన ఒక లేత గీత, పొడుగాటి మడతలు. రానా టైగ్రినా. కాలి మీద పళ్ళ గాట్లు. నాలుగో కుండ.

నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. అంతా అతికింది. ఆచారం వల్ల తడి, తడి వల్ల కప్పలు, కప్పల వల్ల రోజూ పాము, పాము వల్ల రోజూ ఏడుపు.

"పాము పట్టిన కప్ప ఇట్లనే ఏడుస్తది బాబూ," అన్నాడు కోటయ్య పామును కర్రతో గోడ అవతల పారేసి వచ్చి. "గాని..."

"కాని ఏమిటి?"

"ఏం లేదు లే."

ప్రతి మాటకూ ప్రశ్న వేసే నేను ఆ ఒక్క మాటకు వెయ్యలేదు. నాకు అక్కరలేకపోయింది.

శనివారం సాయంత్రం వసారాలో అందరినీ కూర్చోబెట్టాను. అత్తగారు, బావ, గోడవారన కోటయ్య, గుమ్మం దగ్గర అక్క. నాలుగో కుండలోంచి బోదురుకప్పను తీసి నడుం దగ్గర పట్టుకున్నాను. అది అరవలేదు. బెదిరి గుటకలు వేస్తోంది. అది అరవకపోతే రేపు నా అక్క పొట్ట మీద నిప్పు.

పాము కొరికిన కాలినే గట్టిగా నొక్కాను.

అరిచింది. నోరు తెరిచి, చాలాసేపు, ఆ ఏడుపే. అత్తగారి చేతిలో విస్తరి కింద పడింది. బావ లేచి నిలబడ్డాడు. నేను మళ్ళీ నొక్కాను, అనుమానం మిగలకూడదని. మళ్ళీ ఏడ్చింది. నా చేతులకు నెత్తురు అంటింది.

"చాలు," అన్నారు అత్తగారు. "చాలు, చంపకు దాన్ని. కప్పే." తరవాత కొడుకు వైపు తిరిగి, "ఆయనకు రేపు రావద్దని కబురు చెయ్యరా."

గెలిచాను.

గుమ్మం వైపు చూశాను. అక్క ముఖంలో నేను ఆశించినది లేదు. తల చాలా కొద్దిగా అడ్డంగా ఊపింది. పమిట పొడిగా ఉంది. అది చూశాను గాని చూసినట్టు నాకే తెలియదు. కప్ప మీద జాలి పడుతోంది కాబోలు అనుకున్నాను.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

కప్పలను పొద్దున్నే వదిలేద్దామనుకున్నాను. కుండలు నాలుగూ వసారా మెట్టు కింద వరసగా ఉన్నాయి. పెరట్లో నులకమంచం మీద నేను. కింద గొంగడి మీద కోటయ్య. పాము చచ్చింది. కప్పలు కుండల్లో. అయినా బావిలో ఇంకా ఏవో మిగిలినట్టున్నాయి, ముక్కుతున్నాయి. గోడ కింద మరో గోండ్రుకప్ప. ఎక్కడో టక్కు టక్కు. ఇప్పుడు నాకు అన్నీ తెలుసు. పేర్లు తలుచుకుంటూ నిద్రపోయాను.

మెలకువ వచ్చింది.

ఎందుకు వచ్చిందో మొదట తెలియలేదు. తరవాత తెలిసింది. కప్పలు ఆగిపోయాయి. బావిలోది, గోడ కిందిది, చెట్టుమీదది... అన్నీ ఒక్కసారి. చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దం.

అప్పుడు... అరటిచెట్టు మొదట్లోంచి.

కప్ప అరుపు ఒకే ఊపిరి. మొదలౌతుంది, సాగుతుంది, తెగుతుంది. సాయంత్రం నా చేతుల్లోనే విన్నాను. ఇది అలా లేదు. ఇది ఏడ్చి... ఆగింది. ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు. మళ్ళీ ఏడ్చి... ఆగింది. మళ్ళీ పీల్చుకుంది. మధ్యలో ఒకసారి చిన్న దగ్గు.

"కోటయ్యా."

"మేలుకునే ఉన్నా బాబూ."

"ఇది ఏ కప్ప?"

గొంగడి మీద లేచి కూర్చున్నాడు.

"నాకెరుక లేదు బాబూ."

లేచాను. ముందు కుండల దగ్గరికి వెళ్ళాను. పలకలు కదలలేదు. ఒక్కొక్కటే ఎత్తి టార్చి వేశాను. ఒకటి. రెండు. మూడు. నాలుగో దాంట్లో బోదురుకప్ప, గాయమైన కాలు పక్కకు చాచి, నోరు మూసుకుని నన్ను చూస్తోంది.

ఏడుపు అక్కడ సాగుతూనే ఉంది.

నడిచాను. మీకు తెలుసో లేదో, మనిషి అడుగు చప్పుడు నేల మీద తగిలితే ఏ కప్పయినా నోరు మూస్తుంది. ముందు రాత్రి ప్రతి కప్పా అలాగే చేసింది. వాటిని పట్టడానికి నేను పడ్డ అవస్థంతా అదే. ఇది ఆగలేదు. పది అడుగుల దూరం. ఐదు. రెండు. ఏడ్చి... ఆగి... పీల్చుకుని...

టార్చి వేశాను.

తడిమట్టి. అరటిబోదె. జాలారు నుంచి వచ్చే నీటి చార. నిన్న పాము దొర్లిన గుర్తు. ఇంకేమీ లేదు. ఆకు ఎత్తి చూశాను. బోదె చుట్టూ చూశాను. చప్పుడు అక్కడే ఉంది. నా కాళ్ళ ముందు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. నేలలోంచి వస్తోందా, నేల మీదినుంచా... చెప్పలేను. ఈ రోజుకీ చెప్పలేను.

వెనక తలుపు తీసిన చప్పుడైంది. అక్క.

నన్ను చూసింది. నా పక్కనుంచి వెళ్ళి ఆ తడిలో గొంతుక్కూర్చుంది. పమిట తడిసి ఉంది. ఆ చీకటిలో, టార్చి వెలుగులో, నేను చూశాను. అరచెయ్యి మట్టి మీద పెట్టి, మెల్లగా తట్టింది. మళ్ళీ తట్టింది. జో కొట్టినట్టు. 

ఏడుపు తగ్గింది. వెక్కిళ్ళుగా మారింది. ఒక వెక్కు... చాలాసేపు ఏమీ లేదు... మరొక వెక్కు. ఆపైన లేదు.

బావిలో చిన్నకప్ప ముక్కింది. గోడ కింద గోండ్రుకప్ప అందుకుంది.

అప్పుడే వసారాలో దీపం కదిలింది. అత్తగారి గొంతు.

"ఏమిటా ఏడుపు?"

అక్క చెయ్యి మట్టి మీద అలాగే ఆగిపోయింది. దీపం మెట్టు దిగుతోంది. ఇంకో పది అడుగులు వేస్తే అక్క ఎక్కడ కూర్చుందో కనపడుతుంది. నేను టార్చి ఆర్పి ఎదురు వెళ్ళాను.

"కప్పండి, అత్తయ్యగారూ. నాలుగో కుండ మూత తీశాను. కాలు ఎట్లా ఉందో చూద్దామని."

నా జీవితంలో నేను తెలిసి ఆడిన మొదటి అబద్ధం అది. తడబడకుండా ఆడాను. ఆవిడ నా ముఖం మీద దీపం పెట్టి కొంచెంసేపు నిలబడ్డారు. నమ్మారో, నమ్మదలచుకున్నారో తెలియదు.

"మూత గట్టిగా పెట్టు," అని లోపలికి వెళ్ళిపోయారు.

తెల్లవారింది. ఆదివారం. ఎవరూ రాలేదు. కోటయ్య కుండలు వంచాడు. బోదురుకప్ప కుంటుకుంటూ నేరుగా ఆ తడిలోకే పోయింది. నేను బస్సుకు బయలుదేరుతుంటే అక్క బావి దగ్గర నీళ్ళు తోడుతోంది. వెళ్ళొస్తానని చెప్పాను. గెలిపించినందుకు ఒక మంచి మాట అంటుందని లోపల ఎక్కడో ఆశ ఉంది.

బొక్కెన గట్టు మీద పెట్టింది.

"రాత్రిది కప్ప కాదని నీకు తెలుసు."

నేను చేతిలోని సంచి కింద పెట్టాను.

"నాకు నిన్న సాయంత్రమే తెలుసు. నువ్వు పట్టుకున్న దాని ఏడుపుకు నా ఒళ్ళు పలకలేదు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఒకటి అడుగుతా, చెప్పు. ఆ కప్ప నిన్న అరవకపోతే ఏం చేసేవాడివి? మాట ఇచ్చావుగా, అడ్డుపడనని. నన్ను వాళ్ళకు వదిలేసి బస్సెక్కేవాడివా?"

"అక్కా, అది కప్పేనని నాకు నమ్మకం ఉంది కాబట్టి..."

"నమ్మకం సంగతి కాదురా. అది కప్ప కాకపోతే నాకు వాత పెట్టొచ్చని నువ్వూ ఒప్పుకున్నావు. వాళ్ళతో పాటే ఒప్పుకున్నావు. కప్పయితేనేం, నా బిడ్డయితేనేం? నన్నెందుకు కాల్చాలి? ఆ మాట ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

బొక్కెన మళ్ళీ బావిలోకి వదిలింది. గిలక తిరిగింది.

చర్చలో మాకు మొట్టమొదట నేర్పేది తీర్మానాన్ని పరీక్షించడం. ఎదుటివారు పెట్టిన తీర్మానంలోనే అన్యాయం ఉంటే దాని లోపల నిలబడి ఎంత గొప్పగా వాదించినా ఆ అన్యాయాన్నే మోసినట్టు. ఇది ఇతరులకు నేర్పినవాణ్ణి నేను. కాలివేళ్ళ పొరలు లెక్కపెట్టాను. పాము పళ్ళ గాట్లు లెక్కపెట్టాను. ఒక ప్రాణిని రెండుసార్లు నొక్కి ఏడిపించాను. ఒక మనిషిని కాల్చడానికి కారణం ఏదైనా సరిపోతుందా అన్న ప్రశ్న మాత్రం వెయ్యలేదు. అత్తగారి మీద, చిన్న వాతేగా అన్న ఆ మనిషి మీద నాకు కోపం ఉంది. చాలా ఉంది. కాని వాళ్ళు నాకు పెట్టింది ఒక షరతు మాత్రమే. దాని కింద సంతకం చేసింది నేను.

ఆ వారంలోనే వాన పడిందని, ఊరంతా కప్పల రొద అని, పెరట్లో ఆ ఏడుపు మళ్ళీ వినపడలేదని అక్క నాన్నగారికి రాసింది. వాన పడ్డాక ఊరంతా తడే కాబట్టి కప్ప ఎక్కడికైనా పోయి ఉండవచ్చు. అలాగే వాదించవచ్చు. కళాశాల తెరిచాక మా లెక్చరరుగారికి అంతా చెప్పాను. అడుగు చప్పుడుకు ఆగలేదంటే కప్ప కాదేమో, ఏ గుడ్లగూబ పిల్లో, పునుగుపిల్లో అయి ఉంటుందన్నారు ఆయన. గుడ్లగూబ అయితే టార్చి వెలుగులో కనపడాలి కదండీ అన్నాను. కనపడాలి అన్నారు. 

కోటయ్యను కూడా తరవాత ఒకసారి అడిగాను, ఆ మొదటి రాత్రి "గాని" అని ఎందుకు ఆగావని.

"పాము రోజూ ఒకే యాళకు రాదు బాబూ," అన్నాడు. "ఆ ఏడుపు వచ్చేది. పసిదానికి పాలిచ్చే యాళకు."

నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. నాలుగు కప్పలకు నాలుగు గడులు నింపాను: చోటు, వేళ, గుర్తులు, పేరు. ఐదో దానికి చోటు రాశాను. వేళ రాశాను. గుర్తుల గడిలో "ఊపిరి పీల్చుకుంటుంది" అని ఉంది. నా అక్షరాలే, కాని వంకరగా ఉన్నాయి.

పేరు గడి ఖాళీ. నిజానికి ఆ పిల్లకు కూడా పేరు పెట్టలేదు.